సీఏ-125 నార్మల్‌గానే ఉంది, మరి ఈ గడ్డ ఏమిటి?

ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

అండాశయ గడ్డల గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే జబ్బు చుట్టూ తిరిగాయి. దాని పేరు గ్రాన్యులోజా సెల్ ట్యూమర్. అండాశయ క్యాన్సర్లలో నూటికి రెండు నుంచి అయిదు మాత్రమే ఈ రకం. అరుదుగా వస్తుంది కాబట్టి, మామూలు అండాశయ క్యాన్సర్‌కు చేసే పరీక్షలతోనే దీన్నీ చూసి ఏమీ లేదని పంపించేయడం జరుగుతోంది. అందుకే పేజీ మొత్తం దీనికీ, దీని దగ్గరి చుట్టమైన మరో గడ్డకూ కేటాయించాం. జవాబులిచ్చినవారు స్త్రీల క్యాన్సర్లకు ఆపరేషన్లు చేసే సర్జన్ ఒకరు, పాథాలజిస్టు ఒకరు. ఉత్తరాలు రాసినవారి పేర్లు వేయడం లేదు.

*

ప్రశ్న: మా అమ్మకు 56 ఏళ్లు. నెలసరి ఆగిపోయి అయిదేళ్లయింది. రెండు నెలలుగా మళ్లీ అప్పుడప్పుడు రక్తం కనిపిస్తోంది. స్కానింగులో గర్భాశయపు లోపొర 11 మిల్లీమీటర్లు ఉందనీ, ఎడమ అండాశయంలో 9 సెంటీమీటర్ల గడ్డ ఉందనీ, అది కొంత గట్టిగా, కొంత నీటితిత్తులుగా ఉందనీ రాశారు. అండాశయ క్యాన్సర్ కోసం చేసే సీఏ-125 రక్తపరీక్షలో 18 వచ్చింది. 35 లోపే ఉంది కాబట్టి క్యాన్సర్ కాదన్నారు. లోపొరను గీకి పరీక్షించిన డీ అండ్ సీ రిపోర్టులో ‘హైపర్‌ప్లేసియా, ఎటిపియా లేదు’ అని, అంటే పొర కణాలు అతిగా పెరిగాయి గానీ అసహజంగా మారలేదని ఉంది. మాత్రలు వాడి మూడు నెలల తర్వాత రమ్మన్నారు. ఆగవచ్చా?
– ఒక కూతురు, భీమవరం

జవాబు: ఆగవద్దమ్మా. మీ అమ్మగారి కాగితాల్లో లోపొర సంగతి ఒకచోట, గడ్డ సంగతి ఒకచోట, రక్తపరీక్ష ఒకచోట ఉన్నాయి. మూడింటినీ కలిపి చదివితే అర్థం మారిపోతుంది.

నెలసరి ఆగి అయిదేళ్లయిన స్త్రీకి గర్భాశయపు లోపొర పలచగా ఉండాలి. రక్తస్రావం ఉన్నప్పుడు ఆ పొర 4 మిల్లీమీటర్లు దాటితే ముక్క తీసి పరీక్షిస్తారు. ఇక్కడ 11 ఉంది, పైగా హైపర్‌ప్లేసియా. అంటే ఈస్ట్రోజెన్ ఎక్కడి నుంచో అందుతోందన్నమాట. హార్మోను మాత్రలు గానీ, రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామాక్సిఫెన్ గానీ వాడారేమో చూడండి. బరువు బాగా ఎక్కువైతే ఒంట్లోని కొవ్వులోనూ కొంత ఈస్ట్రోజెన్ తయారవుతుంది. ఇవన్నీ ఉన్నా సరే, పక్కనే 9 సెంటీమీటర్ల గడ్డ కనిపిస్తున్నప్పుడు ముందు అనుమానించాల్సింది దాన్నే. పొరకు మందిచ్చి గడ్డను మూడు నెలలు వదిలేయడం సరికాదు.

అండం చుట్టూ ఉండే కణాలను గ్రాన్యులోజా కణాలంటారు. ఈస్ట్రోజెన్, ఇన్‌హిబిన్, ఏఎంహెచ్ అనే హార్మోన్లను తయారుచేసేవి అవే. వాటిలోంచి గడ్డ పుట్టినా ఆ పని మానవు. కొందరికి రొమ్ముల్లో సలపరం, కొందరికి పొట్ట ఉబ్బరం, నెలసరి ఇంకా ఆగనివారికైతే విపరీతమైన బ్లీడింగు గానీ, నెలలకొద్దీ నెలసరి రాకపోవడం గానీ ఉంటుంది. పెద్దల్లో వచ్చే రకం ఎక్కువగా 50–55 ఏళ్ల ప్రాంతంలో కనిపిస్తుంది. రక్తస్రావం ముందే హెచ్చరిస్తుంది గనక చాలామందిలో ఇది అండాశయం దాటకముందే దొరుకుతుంది. ఆ దశలో తీసేసినవారిలో నూటికి 90 మందికి పైగా అయిదేళ్లు దాటి బతుకుతున్నారు. మీరు తొందరపడాల్సింది అందుకే.

ఇక సీఏ-125. అండాశయ క్యాన్సర్లలో దాదాపు 90 శాతం ఎపిథీలియల్, అంటే పైపొర కణాల రకం. సీఏ-125 ఆ రకానికి పనికొచ్చే పరీక్ష. గ్రాన్యులోజా గడ్డలో అది మామూలుగా ఉండవచ్చు, కొద్దిగా పెరిగి ఉండవచ్చు. దాన్ని పట్టుకుని ఈ జబ్బు ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. చాలాచోట్ల పేషెంటును క్యాన్సర్ ఆసుపత్రికి పంపాలా వద్దా అన్నది ఆర్‌ఎంఐ అనే లెక్కతో నిర్ణయిస్తారు. స్కానింగుకు మార్కులు, నెలసరి ఆగిందా లేదా అన్నదానికి మార్కులు, ఈ రెంటినీ సీఏ-125 అంకెతో గుణిస్తారు. 200 దాటితే పెద్దాసుపత్రికి. మీ అమ్మగారి స్కానింగుకు అతి చెడ్డ మార్కు 3 వేద్దాం. నెలసరి ఆగింది కాబట్టి మరో 3. సీఏ-125 ఏమో 18. మూడూ గుణిస్తే 162 మాత్రమే. స్కానింగు ఎంత భయంకరంగా ఉన్నా ఆమె ఈ లెక్కలో 200 దాటదు. లెక్కలో తప్పు లేదు, అది ఈ గడ్డ కోసం తయారైంది కాదు, అంతే.

ఇప్పుడు చేయించాల్సినవి చెబుతాం. ఒకే రోజు రక్తం ఇచ్చి ఎఫ్‌ఎస్‌హెచ్, ఈస్ట్రడియాల్, ఇన్‌హిబిన్ బి, ఏఎంహెచ్ చేయించండి. వీటిలో అండాశయాన్ని పనిచేయించే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోను పరీక్ష చిన్న ఊళ్లో కూడా కొద్ది వందల రూపాయల్లో అయిపోతుంది, చాలా సంగతి చెబుతుంది. నెలసరి ఆగినవారిలో అది సాధారణంగా 30 పైన ఉంటుంది. 56 ఏళ్ల మనిషికి అది రెండో మూడో నాలుగో వచ్చిందంటే, అండాశయంలో ఏదో హార్మోను తయారై దాన్ని అణిచిపెడుతోందని గట్టిగా అనుమానించాలి. ఈస్ట్రోజెన్‌లో ముఖ్యమైన రకం ఈస్ట్రడియాల్. అది మామూలుగా వస్తే మాత్రం ఊరట చెందకండి. ఈస్ట్రోజెన్ తయారుకావాలంటే గ్రాన్యులోజా కణాలకు పక్కనున్న థీకా కణాలు ముడిసరుకు అందించాలి. గడ్డలో థీకా కణాలు లేకపోతే ఈస్ట్రోజెన్ పెరగదు, ఇన్‌హిబిన్ పెరుగుతుంది.

స్కానింగు కింది నుంచి, అంటే యోని ద్వారా, రక్తప్రసరణ చూపే డాప్లర్‌తో సహా మరోసారి చేయించండి. ఈ గడ్డ ఎక్కువగా పెద్దదిగా, గట్టి భాగం మధ్య చిన్న చిన్న గదులు చాలా ఉన్నట్టుగా, రక్తప్రసరణ బాగా కనిపిస్తూ ఉంటుంది. గదుల్లో పాత రక్తం నిలిచి ఉండటం మామూలే. మామూలు క్యాన్సర్‌లో తిత్తి గోడకు మొలిచినట్టుండే బుడిపెలు ఇందులో అరుదు. అవి లేవని రేడియాలజిస్టు ‘క్యాన్సర్ లక్షణాలు తక్కువ’ అని రాసే అవకాశముంది. మీరు పరీక్ష కాగితం మీద ‘నెలసరి ఆగాక రక్తస్రావం, లోపొర మందం, గ్రాన్యులోజా అనుమానం’ అని డాక్టరుచేత రాయించి పంపితే చూసే తీరే మారుతుంది. ఆపైన పొట్టకు, ఛాతీకి కాంట్రాస్ట్ సీటీ.

ఈ గడ్డ ఉన్నవారిలో నూటికి అయిదు నుంచి పది మందికి గర్భాశయపు లోపొరలో కూడా క్యాన్సర్ ఉంటుంది. మీ అమ్మగారి డీ అండ్ సీలో అది లేకపోవడం మంచిదే. ఆ రిపోర్టు సర్జన్‌కు తప్పక చూపించండి. ఈ వయసులో గర్భాశయం, రెండు అండాశయాలు, ట్యూబులు తీసేస్తారు. పొట్టలోని కడుగునీరు, ఒమెంటమ్ (పేగుల మీది కొవ్వు పొర) ముక్క, అనుమానం ఉన్నచోట పెరిటోనియం (పొట్ట లోపలి గోడ పొర) ముక్కలు పరీక్షకు పంపుతారు. లింఫు గ్రంథులన్నీ తీయాల్సిన అవసరం ఈ జబ్బులో మామూలుగా ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, గడ్డ పగలకుండా బయటికి రావాలి. ఈ ఆపరేషన్ క్యాన్సర్ సర్జన్ చేయాలి. మీకు దగ్గర్లో అంటే విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఉంది.

ఈలోగా హఠాత్తుగా కడుపులో తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం, చెమటలు పడితే మరుసటి ఉదయం దాకా ఆగకండి. ఈ గడ్డలు లోపలే చిట్లి పొట్టలోకి రక్తం కారడం జరుగుతుంది. నేరుగా క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.

*

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను. హైదరాబాద్‌లో మా అత్తయ్యకు ఇలాంటి గడ్డే ఉంది. ఆపరేషన్‌కు ముందు సూదితో ముక్క తీసి క్యాన్సర్ అవునో కాదో తేల్చమంటే డాక్టర్లు ఒప్పుకోవడం లేదు. రొమ్ముకు చేస్తారు కదా, దీనికెందుకు చేయరు?

జవాబు: వాళ్లు చెబుతున్నదే సరైనది. రొమ్ములో గడ్డ చుట్టూ కండ, కొవ్వు ఉంటాయి. అండాశయం పొట్టలో తేలుతూ ఉంటుంది. సూది గుచ్చితే తిత్తిలోని ద్రవం కణాలతో సహా పెరిటోనియం మీద పడుతుంది. అప్పటివరకు దశ 1ఎ (పగలకుండా ఒక అండాశయంలోనే ఉన్నది) అయిన జబ్బు కాస్తా 1సి (కణాలు బయటికి చిందినది) అవుతుంది. ఈ జబ్బులో మొదటి దశ మనిషికి మళ్లీ వచ్చే ప్రమాదాన్ని పెంచేవాటిలో గడ్డ పగలడం ముఖ్యమైనది. పైగా సూదిలో వచ్చే చిన్న ముక్కలో ఈ రకాన్ని గుర్తించడం పాథాలజిస్టుకూ కష్టమే. గడ్డ అండాశయానికే పరిమితమై కనిపిస్తున్నప్పుడు దాన్ని మొత్తంగా తీయడమే బయాప్సీ. లాపరోస్కోపీలో తీస్తే సంచిలో పెట్టి, పొట్టలో ముక్కలు చేయకుండా బయటికి లాగాలి. అంత చోటు లేకపోతే పొట్ట కోసి తీయడమే మేలు. కోత చిన్నగా ఉండాలని పట్టుబట్టకండి.

ఆపరేషన్ జరుగుతుండగానే ఫ్రోజెన్ సెక్షన్, అంటే తీసిన ముక్కను అప్పటికప్పుడు గడ్డకట్టించి చూసే పరీక్ష చేయించవచ్చా అని అడగండి. అరగంటలో ఒక అంచనా వస్తుంది. అయితే అది అంచనాయే. అసలు రిపోర్టు వచ్చాక మారవచ్చు.

*

ప్రశ్న: నా భార్యకు 38 ఏళ్లు. కుడి అండాశయంలో 12 సెంటీమీటర్ల గడ్డ తీశారు. మొదటి ల్యాబు ‘అడల్ట్ గ్రాన్యులోజా సెల్ ట్యూమర్’ అంది. అవే స్లైడ్లు ఇంకోచోట చూపిస్తే ‘ఎండోమెట్రియాయిడ్ కార్సినోమా’ అన్నారు. ఒకరు కీమో వద్దంటున్నారు, ఒకరు వెంటనే మొదలుపెట్టాలంటున్నారు. ఒకే స్లైడుకు రెండు పేర్లు ఎలా వస్తాయి? ఎవరిని నమ్మాలి?
– కరీంనగర్

జవాబు: ఎండోమెట్రియాయిడ్ కార్సినోమా పైన చెప్పిన ఎపిథీలియల్ క్యాన్సర్లలో ఒకటి. ఈ రెండు పేర్ల మధ్య పొరపాటు పడటం పాథాలజీలో బాగా తెలిసిన ఇబ్బందే. ఎవరిని నమ్మాలన్న ప్రశ్నను పక్కన పెట్టి, ఇంకా ఏ పరీక్షలు మిగిలాయో చూడండి. దీన్ని తేల్చే మార్గాలున్నాయి. తేలేవరకు కీమో మొదలుపెట్టకండి. రెండు మూడు వారాల ఆలస్యం వల్ల వచ్చే నష్టం కంటే తప్పుడు పేరుతో ఇచ్చే ఆరు విడతల కీమో నష్టం ఎక్కువ.

గ్రాన్యులోజా గడ్డలో కణాలు గుండ్రంగా చేరి, మధ్యలో గులాబీ రంగు ద్రవంతో చిన్న ఖాళీ వదులుతాయి. వాటిని కాల్-ఎక్స్‌నర్ బాడీలంటారు. 1875లో వియన్నాలో కుందేలు అండాశయాలను పరిశీలిస్తూ వాటిని వర్ణించిన ఇద్దరిలో ఒకరు ఎమ్మా కాల్ అనే యువ వైద్యురాలు. ఆడవాళ్లకు వైద్యకళాశాలల తలుపులు అప్పుడప్పుడే తెరుచుకుంటున్న కాలమది. ఇప్పటికీ ప్రతి పాథాలజిస్టూ ఈ గడ్డ దగ్గర ముందు ఆమె పేరునే వెతుకుతున్నాడు. చిక్కేమిటంటే, ఎండోమెట్రియాయిడ్ క్యాన్సర్‌లోని చిన్న గ్రంథులు కూడా అచ్చం అలాగే కనిపించగలవు. అందుకని కణం లోపల కేంద్రకాన్ని చూడాలి. గ్రాన్యులోజాలో అది లేతరంగులో ఉండి, నిలువునా ఒక గాడి కనిపిస్తుంది. పాథాలజిస్టులు దాన్ని కాఫీ గింజ అంటారు. ఎండోమెట్రియాయిడ్‌లో గాడి ఉండదు, కేంద్రకాలు ముదురుగా, రకరకాల సైజుల్లో ఉంటాయి. అక్కడక్కడా చర్మకణాల్లాంటి గుంపులు కనిపిస్తాయి.

కంటిచూపుతో తేలకపోతే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, అంటే కణాల్లో ఏ ప్రోటీన్లున్నాయో స్టెయిన్లతో (రంగులతో) చూసే పరీక్ష. ఒకటి రెండు స్టెయిన్లతో సరిపెట్టుకోవడం వల్లే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఒక జట్టుగా చేయించాలి. ఇన్‌హిబిన్, క్యాల్‌రెటినిన్, ఎస్‌ఎఫ్-1 పాజిటివ్ అయి, ఈఎంఏ, సీకే7, పాక్స్8 నెగటివ్ అయితే గ్రాన్యులోజా వైపు. దీనికి తలకిందులుగా వస్తే ఎండోమెట్రియాయిడ్. క్యాల్‌రెటినిన్ ఇతర గడ్డల్లో కూడా పట్టుకుంటుంది కాబట్టి అదొక్కటే చూసి పేరు పెట్టకూడదు. గడ్డ ఫైబ్రోమాలా (క్యాన్సర్ కాని నారగడ్డలా) ఉందనుకుంటే రెటిక్యులిన్ స్టెయిన్ చేస్తారు. ఫైబ్రోమాలో పోగులు ఒక్కో కణాన్నీ చుట్టుకుంటాయి, గ్రాన్యులోజాలో కణాల గుంపు మొత్తాన్ని చుట్టుకుంటాయి.

ఇన్‌హిబిన్ నెగటివ్ వచ్చిందని రెండో ల్యాబు పేరు మార్చి ఉంటే ఒక సంగతి అడగండి. 12 సెంటీమీటర్ల గడ్డను ఫార్మలిన్‌లో ఎలా వేశారు? ఫార్మలిన్ కండలోకి సుమారు గంటకు ఒక మిల్లీమీటరు చొప్పున దిగుతుంది. గడ్డను కోయకుండా చిన్న డబ్బాలో కుక్కితే పైభాగం బాగుంటుంది, నడిమి భాగం కుళ్లిపోతుంది. ఆ భాగం మీద ఏ స్టెయిన్ సరిగా పట్టదు, డీఎన్‌ఏ కూడా పాడవుతుంది. సరైన పద్ధతి ఏమిటంటే సెంటీమీటరు మందం ముక్కలుగా కోసి, గడ్డకు పదింతల ఫార్మలిన్‌లో ఉంచడం. ఆ తర్వాత సెంటీమీటరుకు ఒక బ్లాకు (మైనంలో పోతపోసిన ముక్క) చొప్పున తీయడం, అంటే మీ భార్య గడ్డకు కనీసం పన్నెండు. రిపోర్టులో మూడు నాలుగే ఉంటే మిగిలిన కండ నుంచి ఇంకా బ్లాకులు తీయమని ఈ వారమే రాసివ్వండి. రిపోర్టు వెళ్లిన కొన్ని వారాలకు డబ్బాలోని కండను పారేస్తారు. పారేశాక ఎవరూ ఏమీ చేయలేరు.

అప్పటికీ తేలకపోతే ఆఖరి మాట చెప్పే పరీక్ష ఫాక్స్‌ఎల్2 జన్యువుది. 2009లో వాంకూవర్ శాస్త్రవేత్తల బృందం పెద్దల గ్రాన్యులోజా గడ్డల్లో దాదాపు అన్నింటిలోనూ ఒకే ఒక్క అక్షరం మారి ఉందని కనిపెట్టింది. జన్యువులో 402వ స్థానంలో సి ఉండాల్సిన చోట జి, దానివల్ల ప్రోటీన్‌లో 134వ స్థానంలో సిస్టీన్ బదులు ట్రిప్టోఫాన్. 95 శాతానికి పైగా గడ్డల్లో ఇదే. ఒక క్యాన్సర్ రకాన్ని ఇంత తిన్నగా ఒకే మార్పుతో గుర్తించగలగడం చాలా అరుదు. పాత పారఫిన్ బ్లాకు మీదే ఈ పరీక్ష చేయవచ్చు. ఒక హెచ్చరిక: ల్యాబులో ‘ఫాక్స్‌ఎల్2 పాజిటివ్’ అని ఇస్తే అది స్టెయినా, మ్యుటేషనా (జన్యువులో మార్పా) అని కనుక్కోండి. స్టెయిన్ ఈ కుటుంబంలోని ఇతర గడ్డలకు కూడా పాజిటివ్ వస్తుంది. మీకు కావాల్సింది మ్యుటేషన్.

మీ భార్య వయసు తక్కువ కాబట్టి ఇంకొక్క మాట. ఆపరేషన్‌కు ముందు చేసిన రక్తపరీక్షల్లో కాల్షియం పెరిగి ఉందా చూడండి. పెరిగి ఉంటే, లేదా కణాలు చాలా దూకుడుగా కనిపిస్తే, స్మాల్ సెల్ కార్సినోమా హైపర్‌కాల్సీమిక్ రకం కాదని నిర్ధారించుకోవాలి. కాల్షియం మామూలుగా ఉన్నంత మాత్రాన అది కాదని అనుకోకూడదు. ఎస్‌మార్కా4 స్టెయిన్ చేస్తే తెలిసిపోతుంది. ఆ జబ్బులో ఆ ప్రోటీన్ కనిపించకుండా పోతుంది. అది వేగంగా పాకే జబ్బు, వైద్యం వేరు.

రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు స్లైడ్లన్నీ, గడ్డ బాగా ఉన్న బ్లాకులు రెండు మూడు, అసలు రిపోర్టు, ఆపరేషన్ నోట్సు, ముందు చేసిన స్కానింగు, హార్మోను పరీక్షలు పట్టుకెళ్లండి. బ్లాకులన్నీ ఒకేసారి ఇవ్వకండి, కొన్ని మొదటి ల్యాబులోనే ఉండనివ్వండి. ఏ నంబరు బ్లాకు ఇచ్చారో రసీదు రాయించుకోండి. బ్లాకంటే మైనమే. మే నెల ఎండలో కారు డాష్‌బోర్డు మీద వదిలితే మెత్తబడి పాడవుతుంది. ఆపరేషన్ నోట్సులో గడ్డ పగిలిందా, పగిలితే ఆపరేషన్‌కు ముందా, ఆపరేషన్‌లోనా అన్న వాక్యం ఉందో లేదో చూసుకోండి. గ్రాన్యులోజా అని తేలి, పగలకుండా వచ్చిన 1ఎ అయితే కీమో అవసరం ఉండదు.

*

ప్రశ్న: గ్రాన్యులోజా గడ్డకు ఆపరేషన్ అయి నెల దాటింది. రెండు అండాశయాలూ తీసేశారు. ముందు ఇన్‌హిబిన్ పరీక్ష చేయలేదు. ఇప్పుడు చేయించి ప్రయోజనం ఉందా? ల్యాబువాళ్లు ‘ఏ’ కావాలా ‘బి’ కావాలా అని అడిగారు.
– అధ్యాపకురాలు, గుంటూరు

జవాబు: ఉంది. ‘బి’ అడగండి. గర్భిణులకు చేసే క్వాడ్రుపుల్ టెస్టులో కొలిచేది ఇన్‌హిబిన్ ఏ. అందుకే ఉత్త ‘ఇన్‌హిబిన్’ అని రాస్తే ల్యాబుల్లో ఏ చేసి పంపేస్తుంటారు. ఈ గడ్డకు బి ఎక్కువ నమ్మదగినది.

ముందు చేయలేదన్నది లోటే. మీ గడ్డ ఎంత ఇన్‌హిబిన్ వదిలేదో ఇక తెలియదు. కానీ రెండు అండాశయాలూ పోయాక ఇన్‌హిబిన్ బి, ఏఎంహెచ్ రెండూ దాదాపు కొలవలేనంత తక్కువకు పడిపోవాలి. ఇప్పుడు చేయించే అంకె మీకు పునాది. ఇకముందు ప్రతి అంకెనూ దానితోనే పోల్చాలి. కాబట్టి ప్రతిసారీ ఒకే ల్యాబు, ఒకే పద్ధతి. ల్యాబు మారితే అంకె మారుతుంది, లేని భయం పుడుతుంది.

జుట్టుకూ గోళ్లకూ వాడే బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే డాక్టరుకు చెప్పి రక్తం ఇవ్వడానికి కనీసం మూడు రోజుల ముందు ఆపండి. 10 మిల్లీగ్రాముల మాత్రలు మందులషాపుల్లో మామూలుగా దొరుకుతున్నాయి. కొన్ని యంత్రాల్లో బయోటిన్ అడ్డుపడి ఏఎంహెచ్‌ను ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. మీ ఊరి సెంటరు నుంచి నమూనా వేరే నగరానికి పంపుతారు కాబట్టి, సీరమ్ (రక్తంలోని ద్రవభాగం) వేరుచేసి గడ్డకట్టించి పంపుతారా అని అడగడంలో మొహమాటం వద్దు.

ఒక అండాశయం మిగిలి, నెలసరి వస్తున్నవారికి ఈ లెక్క వేరు. వారి మంచి అండాశయమే ఈ హార్మోన్లను వదులుతుంది, ఇన్‌హిబిన్ బి నెలసరి రోజును బట్టి మారుతుంది. ఒక్క అంకె చూసి బెంబేలు పడకుండా, నెలసరి మొదలైన రెండో మూడో రోజునే ప్రతిసారీ రక్తం ఇచ్చి వరుసగా పెరుగుతోందా అని చూడాలి.

*

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు. ఎనిమిది నెలలుగా నెలసరి లేదు. గడ్డం, మీసం చోట వెంట్రుకలు, ఈమధ్య గొంతు కూడా బొంగురుపోయింది. పీసీఓడీ అని మాత్రలు ఇచ్చారు. స్కానింగులో పెద్దగా ఏమీ లేదన్నారు. ఇది కూడా మీరు చెప్పే గడ్డేనా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: దాని చుట్టమే అయి ఉండవచ్చు. పేరు సెర్టోలి-లైడిగ్ సెల్ ట్యూమర్, గ్రాన్యులోజా కంటే కూడా అరుదు. ఇది మగ హార్మోన్లు వదులుతుంది. పీసీఓడీలో వెంట్రుకలు ఏళ్ల తరబడి నెమ్మదిగా వస్తాయి. గొంతు మారదు. నెలల్లోనే ఇదంతా జరిగి, గొంతు మారిందంటే పీసీఓడీ అన్న మాటతో ఆగకూడదు.

టోటల్ టెస్టోస్టిరాన్, డీహెచ్‌ఈఏ-ఎస్, 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్, ఏఎఫ్‌పీ చేయించండి. టెస్టోస్టిరాన్ డెసీలీటరుకు 150 నానోగ్రాములు దాటితే గడ్డ కోసం వెతకాలి. డీహెచ్‌ఈఏ-ఎస్ బాగా పెరిగితే మూలం అడ్రినల్ గ్రంథిలో ఉండవచ్చు. పీసీఓడీ మాత్రలు వాడుతూ పరీక్ష చేస్తే టెస్టోస్టిరాన్ తగ్గి కనిపించవచ్చు. మాత్రలకు తగ్గింది కాబట్టి గడ్డ కాదనుకోవద్దు, గడ్డ ఉన్నా తగ్గవచ్చు.

స్కానింగు పొట్ట మీదుగా చేసి ఉంటారు. పెళ్లికాని అమ్మాయిలకు మన దగ్గర అలాగే చేస్తారు. రెండు మూడు సెంటీమీటర్ల గట్టి గడ్డ అందులో తప్పిపోవడం తేలిక. కాంట్రాస్ట్‌తో పెల్విస్ ఎంఆర్‌ఐ చేయించండి. దొరికితే సాధారణంగా ఒకవైపే ఉంటుంది. ఆ అండాశయం, ట్యూబు మాత్రం తీస్తారు. గర్భాశయం, రెండో అండాశయం ఉంటాయి, నెలసరి తిరిగి వస్తుంది, పిల్లలు పుడతారు. పెరిగిన వెంట్రుకలు కొంతవరకు తగ్గుతాయి. మారిన గొంతు మాత్రం పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు, అందుకే ఇంకొక నెల చూద్దామనుకోకండి.

ఇంట్లో చిన్న వయసులోనే థైరాయిడ్ గడ్డలు వచ్చినవారు, పసితనంలో ఊపిరితిత్తుల గడ్డ వచ్చినవారు ఉన్నారా అని గుర్తు చేసుకోండి. ఈ గడ్డల్లో చాలావాటికి డైసర్1 జన్యువులో మార్పు ఉంటుంది. కొన్ని కుటుంబాల్లో అది వంశపారంపర్యం. గడ్డ ఇదేనని తేలితే మీ అమ్మాయికి రక్తంలో ఆ పరీక్ష, మెడకు స్కానింగు చేయించాలి.

*

ప్రశ్న: మా మనవరాలికి ఆరేళ్లు. రొమ్ములు పెరిగాయి, ఒకసారి రక్తం కూడా కనిపించింది. తొందరగా పెద్దమనిషి అయింది, ఈరోజుల్లో మామూలే అంటున్నారు.
– నిజామాబాద్

జవాబు: ఆరేళ్లకు మామూలు కాదు. ఈ వారంలోనే పిల్లల హార్మోన్ల డాక్టరుకు చూపించండి. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఈస్ట్రడియాల్, పొట్ట స్కానింగు చేస్తారు. మెదడు నుంచి వచ్చే తొందరపాటు రజస్వలలో ఎల్‌హెచ్ పెరుగుతుంది. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ అణిగి, ఈస్ట్రడియాల్ ఒక్కటే పెరిగితే అండాశయంలో తిత్తి గానీ, పిల్లల్లో వచ్చే గ్రాన్యులోజా గడ్డ గానీ ఉండవచ్చు. పిల్లల రకంలో కేంద్రకాలకు గాడి ఉండదు, ఫాక్స్‌ఎల్2 మార్పు కూడా సాధారణంగా ఉండదు. కాబట్టి అవి లేవని ఎవరైనా పేరు కొట్టేస్తే పిల్లల పాథాలజీ తెలిసినవారికి చూపించండి. ఎక్కువమందికి ఒకవైపు అండాశయం తీసేస్తే సరిపోతుంది.

*

ప్రశ్న: 2009లో నాకు గ్రాన్యులోజా గడ్డకు ఆపరేషన్ చేశారు. అయిదేళ్లు చెకప్‌లకు వెళ్లాను. నయమైందన్నారు, మానేశాను. ఇప్పుడు కుడి డొక్కలో బరువుగా ఉంటోంది. ఇన్నేళ్ల తర్వాత అదే తిరిగి వస్తుందా? మా ఇద్దరమ్మాయిలకు వంశపారంపర్య క్యాన్సర్ కోసం చేసే బీఆర్‌సీఏ జన్యుపరీక్ష చేయించాలా?
– అనకాపల్లి

జవాబు: మీ అమ్మాయిల గురించి ముందు చెబుతాం. అక్కర్లేదు. పెద్దల గ్రాన్యులోజా గడ్డలోని ఫాక్స్‌ఎల్2 మార్పు గడ్డలోనే పుడుతుంది, తల్లి నుంచి పిల్లలకు రాదు. బీఆర్‌సీఏ జన్యువులతో దీనికి సంబంధం లేదు. ఇంట్లో రొమ్ము క్యాన్సర్ గానీ, వేరే రకం అండాశయ క్యాన్సర్ గానీ ఉంటే ఆ సంగతి వేరు.

రెండో ప్రశ్నకు జవాబు: వస్తుంది. చాలా క్యాన్సర్లలో అయిదేళ్లు గడిస్తే ఊపిరి పీల్చుకోవచ్చు. ఇది నెమ్మదిగా పెరిగే జబ్బు. పదేళ్ల తర్వాత, ఇరవై ఏళ్ల తర్వాత తిరిగి వచ్చినవారున్నారు. అందుకే దీనికి చెకప్‌లు జీవితాంతం. మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి పరీక్ష, ఇన్‌హిబిన్ బి. మీకు అయిదేళ్లతో ఆపేయమన్న మాట ఈ జబ్బుకు వర్తించదు.

ఇప్పుడు ఇన్‌హిబిన్ బి, ఏఎంహెచ్, పొట్టకు, పెల్విస్‌కు కాంట్రాస్ట్ సీటీ చేయించండి. తిరిగి వచ్చేది ఎక్కువగా పెల్విస్‌లో, పెరిటోనియం మీద. కాలేయం పైపొర మీద కూడా రావచ్చు. కుడి డొక్క అంటున్నారు కనుక కాలేయం అంచు వెంబడి ప్రత్యేకంగా చూడమని రేడియాలజిస్టుకు రాయించండి. పెట్-సీటీ ఒక్కటే చేయించి, ఏమీ వెలగలేదని ఊరుకోవద్దు. పెట్‌లో గడ్డ వెలగాలంటే అది చక్కెరను బాగా పీల్చుకోవాలి. నెమ్మదిగా పెరిగే ఈ గడ్డలు చక్కెరను తక్కువగా పీల్చుకుంటాయి, పెట్‌లో సరిగా కనిపించకపోవచ్చు.

సీటీలో గడ్డ కనిపిస్తే మీ విషయంలో సూదితో ముక్క తీయవచ్చు. మొదటిసారి అండాశయ గడ్డకు వద్దన్న కారణం ఇక్కడ లేదు. ఆ ముక్కను పాత స్లైడ్ల పక్కన పెట్టి పోల్చడం అవసరం. 2009 నాటి ఆసుపత్రికి రిపోర్టు నంబరుతో దరఖాస్తు పెట్టి స్లైడ్లు, బ్లాకులు అడగండి. నంబరు లేకపోతే ఆపరేషన్ తేదీ, డిశ్చార్జి కాగితం చాలు. మీ ఆపరేషన్ నాటికి ఫాక్స్‌ఎల్2 పరీక్ష అందుబాటులో లేదు. పాత బ్లాకు దొరికితే దాని మీదా, కొత్త ముక్క మీదా రెండింటి మీదా చేయించండి. రెండింట్లో అదే మార్పు ఉంటే పాత జబ్బే తిరిగి వచ్చిందని తేలుతుంది. బ్లాకులు తీసేశామని చెబితే కొత్త ముక్క మీద చేసిన పరీక్ష ఒక్కటే సరిపోతుంది, దాని కోసం వైద్యం ఆపుకోనక్కర్లేదు.